బోరు మాట ఎత్తొద్దన్నాను

ఉద్యోగం పోగొట్టుకోవడం ఎవరైనా చేయగలరు. అందులో గొప్పేమీ లేదు. కానీ షామియానా వేయించి, కుర్చీలు తెప్పించి, మైకు పనిచేస్తోందో లేదో తట్టి చూసి, జాయింట్ కలెక్టరు గారు ఎదురుగా కూర్చుని ఉండగా, వీడియో తీస్తుండగా పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? నాకు తెలిసి నేనొక్కణ్ణే. పైగా ఆ రోజు నా ఉద్యోగం ఊడగొట్టినవాళ్ళకు మైకు ముందర ఎలా మాట్లాడాలో నేర్పింది కూడా నేనే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలు మా కడప పక్కకు ఎప్పుడూ వచ్చినట్టు లేరు. ఇక్కడ తొక్కడానికి అడుసూ ఉండదు, కడుక్కోవడానికి నీళ్ళూ ఉండవు. అయినా నేను తొక్కాను. ఎలా తొక్కానో చెబుతాను, ధారాళంగా నవ్వుకోండి. నేను నవ్వుకోవడం ఎప్పుడో మొదలుపెట్టాను కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక పబ్లిక్ రిలేషన్స్ కంపెనీలో కొత్తగా చేరాను. మాది కర్నూలు, చిన్నప్పటి సెలవులన్నీ మాత్రం కడప పక్క పల్లెలోనే. ఇంట్లోవాళ్ళకు నా ఉద్యోగం ఏమిటో చెప్పలేక నా ప్రాణం పోయేది.

"మీ కంపెనీ ఏం తయారు చేస్తాదిరా?" అని మా నాయన ఫోనులో అడిగాడు.

"అభిప్రాయం నాయనా."

"కిలో ఎంత?"

ఆయన వెటకారానికి అన్నా, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మా కంపెనీ పని పెద్ద పెద్ద వ్యాపారాలకు ప్రభుత్వం దగ్గర దారి సాఫు చేయడం. లంచాలా అంటారేమో, రామ రామ, ఆ మాట మా ఆఫీసులో ఎత్తితే మా రవళి మేడమ్ చెవులు మూసుకునేది. "మనం ఎవరికీ ఏమీ ఇవ్వం సుధాకర్. మనం వాతావరణం తయారుచేస్తాం" అనేది. మేడమ్ మా కంపెనీ యజమాని. గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. ఆవిడ మెల్లగా మాట్లాడినప్పుడే మేము వణికేవాళ్ళం.

వాతావరణం ఎలా తయారవుతుందో చూడండి. ఏదో కంపెనీకి ఏదో అనుమతి కావాలి. ముందు పేపర్లో ఒక వ్యాసం వస్తుంది. వెనకబడిన ప్రాంతానికి పరిశ్రమలు రాకపోతే భవిష్యత్తు లేదని, కింద ఒక రిటైర్డ్ ప్రొఫెసరు గారి పేరు. పేరు ఆయనది, రాత నాది. ఆ తర్వాత పెద్ద హోటల్లో ఒక సదస్సు. అందులో సంబంధిత ఆఫీసరు గారికి శాలువా, జ్ఞాపిక, ఎదురుగా చప్పట్లు. ఇక ఒక రైతు సంఘం నుంచి వినతిపత్రం పోతుంది. ఇవన్నీ అయ్యాక మేడమ్ ఆఫీసరు గారి గదిలోకి వెళ్ళి, "జనం ఏమనుకుంటున్నారో చూశారా సార్?" అంటుంది. "అవునమ్మా, మొన్న పేపర్లో కూడా వచ్చింది" అంటాడాయన. కోడి మాదే, కూత మాదే. తెల్లారిందని సంతకం పెట్టేది మాత్రం ప్రభుత్వం.

ఇలా ఉండగా మా కంపెనీకి ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ పని తగిలింది. కమలాపురం అవతల సున్నపురాయి గని తవ్వుకోవడానికి వాళ్ళకు అనుమతి కావాలి. అలాంటి గనికి ముందు ఆ ఊళ్ళోనే ప్రజాభిప్రాయ సేకరణ అని ఒక సభ పెట్టాలి. కలెక్టరాఫీసు నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి కూర్చుంటాడు, జనం ఒక్కొక్కరే లేచి తమ మాట చెబుతారు, అదంతా రికార్డు అవుతుంది. ఊరు పేరు చూసి నేను కుర్చీలో ఎగిరాను.

"మేడమ్, అది మా మేనత్త ఊరు!"

మేడమ్ కళ్ళజోడు తీసింది. "మేనత్తా? అక్కడే ఉంటుందా? నిజమైన రైతా?"

"చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది మేడమ్. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె మాటంటే ఊళ్ళో అందరికీ గురి."

"గ్రాస్‌రూట్స్!" అంది మేడమ్ మురిసిపోతూ, అంటే అట్టడుగు జనమని. మా అత్తను జీవితంలో ఆ మాట అన్నది ఆవిడ ఒక్కతే. "సుధాకర్, ఈ హియరింగ్ నీ చేతుల్లో పెడుతున్నా. ఊళ్ళోవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేచి మాకు గని కావాలని చెప్పాలి. సరిగ్గా జరిగితే నీ ఉద్యోగం పర్మనెంటు."

"జరక్కపోతే మేడమ్?"

మేడమ్ తలుపు వైపు చూసింది.

మా సుగుణత్త గురించి చెప్పాలి. మామ పోయిన దగ్గర్నుంచి చీనీ తోటను ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం చర్చి గంటకు పోటీ. నేను కారు దిగేసరికి పండ్ల బుట్ట పక్కన పెట్టి, నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏం అల్లుడా, టై కట్టుకొని వచ్చినావు, ఎవురన్నా సచ్చిపోయినారా?"

"లేదత్తా, ఆఫీసు పని మీద వచ్చినా."

సంగతంతా చెప్పాను. గని వస్తే రోడ్డొస్తుంది, పిల్లోళ్ళకు ఉద్యోగాలొస్తాయి, ఆసుపత్రి వస్తుంది అని వల్లించాను. అత్త అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మా బోర్ల పక్కనే అంత లోతు తవ్వితే నీళ్ళు ఉంటాయా అల్లుడా? యాడికి పోతాయి అవి?"

నాకు తెలీదు. కంపెనీ ఇచ్చిన కాగితాల్లోనూ లేదు. మా ఆఫీసులో ఒక సూత్రం ఉంది: జవాబు లేని ప్రశ్నను ప్రశ్నగా గుర్తించకూడదు. కాబట్టి నేను గొంతు సవరించుకుని, "అత్తా, బోరు మాట ఒక్కటి ఎత్తొద్దు. అది తప్ప ఏమైనా మాట్లాడండి. నా ఉద్యోగం దీని మీదే ఉండాది" అన్నాను.

అత్త ముఖంలో ఏదో కదిలింది. కానీ అన్న కొడుకు ఉద్యోగం అనేసరికి కరిగింది. "సరే, మా సమాజమోళ్ళను పిలుస్తా. నువ్వే చెప్పుకో" అంది.

చర్చి వసారాలో అందరినీ కూర్చోబెట్టి బిర్యానీ పొట్లాలు పంచాను. తర్వాత పాఠం మొదలుపెట్టాను. రోడ్డు, ఉద్యోగాలు, ఆసుపత్రి. ఇంతే. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ అందరూ తలలు వంచుకున్నారు. మా వరసకు తాతయ్యే యేసోబు తాతను లేపి నిలబెట్టాను. ఆయన "రోడ్డు" అన్నాడు. చాలాసేపు ఆలోచించి మళ్ళీ "రోడ్డు" అన్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఏమప్పా సుధాకరూ, అంతంత పెద్ద సార్ల ముందర మాకేం మాటలొస్తాయి? నోరు పిడచగట్టకపోతాదా?" అన్నాడు.

అప్పుడు నా బుర్రలో మెరిసిందండీ ఆ ఆలోచన. వినాశకాలే అంటారే, అదే కాలం.

"తాతా, మీరంతా ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పరా? ఎంత బాగా చెప్తారు! పిల్లా పెద్దా భయం లేకుండా చెప్తారు గదా! అట్లే చెప్పండి. అచ్చం సాక్ష్యం చెప్పినట్టే."

వసారా అంతా ఒక్కసారి తలెత్తింది. అందరి ముఖాల్లో ధైర్యం వచ్చింది. యేసోబు తాత మీసం సవరించుకున్నాడు. ఎరగనివాళ్ళకు చెబుతాను. మా పల్లె చర్చీల్లో ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందరా చెప్పుకోవచ్చు. దాన్నే సాక్ష్యం అంటారు. దానికో పద్ధతి ఉంది. మొదట నేను ఎలా ఉండేవాణ్ణి, మధ్యలో ఎవరు వచ్చారు, ఏమన్నారు, చివరికి దేవుడు ఏ మేలు చేశాడు. ఏదీ దాచకూడదు. కూర కాలిపోయిన సంగతి నుంచి కోడలితో పోట్లాడిన సంగతి దాకా అన్నీ వస్తాయి. దాచి చెప్పిన సాక్ష్యం చెప్పకపోవడం కంటే పాపమని మాకు ఉగ్గుపాలతో పట్టారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ అన్నాను చూడండి, అందుకే దీన్ని కథగా చెబుతున్నాను.

అత్త మాత్రం నన్ను ఒక పక్కకు పిలిచింది. "సాక్ష్యమంటే సాక్ష్యమే చెప్పల్లనా? బాగా ఆలోచించుకున్యావా అల్లుడా?"

"సాక్ష్యమే అత్తా! ఇంకేం భయం లేదు."

"నాకేం భయం నాయనా. నీకోసరం అడుగుతాండా."

నాకు అర్థం కాలేదు. మేడమ్‌కు ఫోను చేసి, అంతా సిద్ధం, జనం గుండెల్లోంచి మాట్లాడతారు అని చెప్పాను. ఈ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.

సభ రోజు రానే వచ్చింది. షామియానా కింద ఊరంతా చేరింది. వేదిక మీద జాయింట్ కలెక్టరు గారు, పక్కన కాలుష్యం ఆఫీసువాళ్ళు, ఒక మూల రాసుకునే గుమాస్తా, ఇంకో మూల వీడియో. ముందు వరసలో సిమెంటు కంపెనీ పెద్దలు, వాళ్ళ మధ్యలో నల్లకళ్ళద్దాలతో మా మేడమ్. నేను పక్కన నిలబడి, పెళ్ళిలో పెళ్ళికూతురి తమ్ముడిలా అటూ ఇటూ తిరుగుతున్నాను. మొదట ఇద్దరు ముగ్గురు నాయకులు లేచి అభివృద్ధి అన్నారు. మేడమ్ నా వైపు చూసి తలాడించింది. నేను అత్త చేతికి మైకు ఇచ్చాను.

"దేవునికి స్తోత్రం" అని మొదలుపెట్టింది అత్త. వెనక నుంచి సమాజం అంతా "స్తోత్రం!" అంది. జాయింట్ కలెక్టరు గారు కొంచెం ఉలిక్కిపడ్డారు.

"సార్, ముందర నేను శానా కష్టంలో ఉన్యాను. మా ఇంటాయన పోయినాడు. పడమటి బోరు ఎండిపోయింది. చీనీ చెట్లు నా కండ్ల ముందరే ఎండిపోతాంటే చెట్టు చెట్టును పట్టుకొని ఏడ్చినాను."

అప్పుడు వెలిగింది నాకు. మా కడప జిల్లాలో దేవుడు ఎవరికైనా చేసే మేలు ఏముంటుందండీ? నీళ్ళే. చిన్నప్పటి నుంచి నేను విన్న సాక్ష్యాలన్నీ నీళ్ళ సాక్ష్యాలే. ఏ మాట ఎత్తొద్దని బతిమాలానో, ఆ మాట లేకుండా ఈ ఊళ్ళో ఒక్క సాక్ష్యం కూడా పుట్టదు. బోరు ఎత్తకుండా సాక్ష్యం చెప్పమనడమూ, కందిపప్పు లేకుండా పప్పు వండమనడమూ ఒకటే.

అత్త సాగిపోతోంది. "అప్పుడు ఇంగో బోరు ఏసినాము. రాయి తగిలింది, దుమ్ము లేసింది, ఆశ ఇడిసినాము. మోకరించి ప్రార్థన చేస్తే నీళ్ళు పడినాయి సార్! ఆ నీళ్ళు ఇప్పటికీ ఉండాయి. మొన్న మా అల్లుడు వచ్చినాడు, అదో, ఆ టై కట్టుకున్న పిల్లోడు. మంచోడే సార్. మాకు బిర్యానీ పెట్టి, రోడ్డు అనండి, ఆసుపత్రి అనండి, బోరు మాట మటుకు ఎత్తొద్దండి అన్యాడు. దేవుడిచ్చిన మేలు చెప్పకుండా సాక్ష్యం ఎట్ల చెప్పేది? గని మా బోరు పక్కనే వస్తాదంట. ఆ నీళ్ళు ఉంటాయా పోతాయా, దానికి ఎవురు పూచీ? స్తోత్రం."

"స్తోత్రం!" అంది షామియానా. ఈసారి చర్చి ముఖం చూడని రైతులు కూడా అన్నారు.

యేసోబు తాత మైకు లాక్కున్నాడు. రోడ్డు దగ్గరే ఆగిపోయిన మనిషి, ఏం మాట్లాడాడనుకున్నారు! "నేను ఒకప్పుడు శానా తాగుతాంటి సార్" అని జాయింట్ కలెక్టరు గారికి విన్నవించుకున్నాడు. ఎప్పుడు మానిందీ, ఎలా మానిందీ, తర్వాత తమ్ముడూ తానూ కలిసి వేసిన బోరులో నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నదీ చెప్పాడు. "బిర్యానీ బాగుండాది సార్, తిన్న మాట దాచను. కానీ నీళ్ళు పోయినాక బిర్యానీ తిని ఏం తాగేది?" అని ముగించాడు. వెనకాల ఒక రైతు లేచి, "మేం చర్చికి పోయేటోళ్ళం కాదు సార్, మాకూ ఇదే సాక్ష్యం" అన్నాడు. దాంతో వరస కట్టారు.

మేడమ్ నల్లకళ్ళద్దాలు తీయలేదు. తీయకపోవడమే నాకు మేలు.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఊరు ఎంత మంచిదో ఆ రోజు తెలిసింది, చెడిందల్లా నా నోరే. నేను మెల్లగా కుర్చీల వెనక్కు జారుకుంటుంటే అత్త గొంతు వినబడింది.

"అల్లుడా, యాడికి పోతాండావు? నువ్వూ చెప్పు."

"నేనేం చెప్పేది అత్తా..."

"చెప్పండి బాబూ" అన్నారు జాయింట్ కలెక్టరు గారు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. "మీ గురించి ఇంత విన్నాం. మీ మాటా వింటాం. పేరు?"

మైకు చేతికొచ్చింది. ఎదురుగా మేడమ్. పక్కన అత్త. ఏదో ఒక మాట చెప్పి తప్పించుకోవచ్చు, అందుకే నాకు జీతం ఇస్తున్నారు. కానీ మైకు ముందర లేచి నిలబడగానే, చిన్నప్పుడు చర్చిలో చాప మీద నుంచి లేచి నిలబడ్డ అలవాటు నా నోటిని పట్టుకుంది. నా ప్రమేయం లేకుండా నా నోరు, "దేవునికి స్తోత్రం. ముందర నేను..." అనేసింది. ఇక ఆగుతుందా? పేపర్లో వ్యాసం రాసింది నేనే అన్నాను. సదస్సులో శాలువాలు కొన్నది నేనే అన్నాను.

"ఉండండుండండి" అన్నారు జాయింట్ కలెక్టరు గారు కాగితాలు తిరగేస్తూ. "ఈ గనిని సమర్థిస్తూ సీమ ప్రగతి రైతు వేదిక అని ఒక సంఘం నుంచి నాకు వినతిపత్రం వచ్చింది. దాని సంగతి మీకు తెలుసా?"

"తెలుసు సార్."

"అధ్యక్షుడెవరు?"

"నేనే సార్."

"కార్యదర్శి?"

"నేనే సార్."

"రైతులు?"

"లేరు సార్. లాప్‌టాప్ ఉంది."

ఆ నవ్వు కమలాపురం దాకా వినబడి ఉంటుంది. కానిస్టేబుళ్ళు నవ్వారు, కాలుష్యం ఆఫీసువాళ్ళు నవ్వారు, సిమెంటు కంపెనీ పెద్దల్లో ఒకాయన కూడా నవ్వి, పక్కవాళ్ళను చూసి దగ్గాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, ఇక్కడ కొండ తవ్వకముందే ఎలుక దొరికింది, టై కట్టుకుని.

ఇంతటితో అయిందనుకుంటున్నారా? ఇలాంటి సభల్లో చివర, వచ్చిన అభిప్రాయాలన్నీ తెలుగులో చదివి వినిపించాలని నిబంధన. గుమాస్తా లేచి, ముఖంలో ఏ భావమూ లేకుండా ఆఫీసు తెలుగులో చదివాడు. "శ్రీమతి సుగుణమ్మ గారు తమ మేనల్లుడు సత్ప్రవర్తన గలవాడే అనియు, అయితే ఉద్యోగరీత్యా బోరు విషయము ప్రస్తావించరాదని కోరియున్నాడనియు తెలియజేసినారు. యేసోబు గారు సదరు బిర్యానీ రుచికరముగా ఉన్నదని అంగీకరించుచూ గనికి అభ్యంతరము తెలిపినారు. సదరు మేనల్లుడు సదరు రైతు వేదికలో తాను తప్ప ఎవరూ లేరని ఒప్పుకొనినాడు." ఊరంతా చప్పట్లు కొట్టింది. నా గురించి ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నది ఇప్పటికీ ఆ సదరు ఒక్కటే.

మేడమ్ కారు ఎక్కబోతూ నన్ను పిలిచింది. మెల్లగా మాట్లాడుతుందని వణికాను. అలాగే మాట్లాడింది. "సుధాకర్, ఎంతోమంది చేత ఎన్నో చెప్పించాను. విన్నవాళ్ళు ఇంత గట్టిగా నమ్మడం ఎప్పుడూ చూడలేదు. నీకు మంచి భవిష్యత్తు ఉంది. మా దగ్గర మాత్రం కాదు." కారు తలుపు పడింది. దుమ్ము లేచింది. నేను టై విప్పి జేబులో పెట్టుకున్నాను.

ఫైలు వెనక్కి పోయింది. కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు నీళ్ళ సంగతి లెక్క కట్టించుకుని, బోర్ల పక్క భూమి వదిలేసి, వాగు అవతలి పక్కకు పరిమితమై మళ్ళీ వచ్చారు. అత్త చీనీ తోట పచ్చగా ఉంది. నేను కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పుకుంటున్నాను. మా నాయనకు నా ఉద్యోగం ఏమిటో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంట్లో అందరం హాయిగా ఉన్నాం.

కానీ అసలు దెబ్బ సభలో తగల్లేదండీ. ఆ వచ్చిన ఆదివారం అత్త ఊరి చర్చిలో తగిలింది. ఉద్యోగం పోయిన ముఖంతో నేను చివరి చాప మీద కూర్చుని ఉన్నాను. అత్త లేచింది.

"దేవునికి స్తోత్రం. మా అల్లునికి హైదరాబాదులో ఉద్యోగం రావాలని పోయినేడు ప్రార్థన చేసినాను. వచ్చింది. మొన్న వాడు టై కట్టుకొని వచ్చి, బోరు మాట ఎత్తొద్దు అన్యాక, ఉపవాసముండి ఇంగో ప్రార్థన చేసినాను. ప్రభువా, తొందరపడి అడిగినాను, ఇచ్చింది తీసేసుకో అని. ఆయన శానా గొప్పోడు. ఆలస్యం చెయ్యలేదు. స్తోత్రం!"

"స్తోత్రం!" అని చర్చి అంతా పైకప్పు ఎగిరేలా అంది. అందరికంటే గట్టిగా వినబడిన గొంతు ఎవరిదా అని చూస్తే, నాదే.

కాబట్టి మహాజనులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఏ సభలోనూ ఎవరి నోటికీ మాటలు అందించను. బోరులో నీళ్ళు పడ్డ మనిషి చేతికి మైకు ఇవ్వను. నా ఉద్యోగం గురించి మా అత్తతో ప్రార్థన చేయించను. చేయించినా, ఏది అడిగిందో ముందు కనుక్కుంటాను. ఈ ప్రమాణానికి సాక్షులుగా మీరుండండి. మా అత్తను మాత్రం పిలవకండి, ఆమె వస్తే ఇంకా ఏమేం చెబుతుందో నాకు తెలీదు.